మూడో పంపు

"అన్నయ్య గారూ, మళ్ళీ గోనెసంచేనా?"

"మళ్ళీ గోనెసంచేనమ్మా. దించనీ ముందు. భుజం పడిపోయింది."

ఆమదాలవలస స్టేషను రోడ్డులో హైడ్రాలిక్ సామాన్ల కొట్టు. కౌంటరు వెనక కొట్టు యజమాని కోడలు రాధిక, ముందు ఎల్లాజీ, పక్కన స్టూలు మీద అతని మావ అసిరయ్య. ముసలాయన జూట్ మిల్లులో ఫిట్టరుగా చేసి చేసి చెవులు రెండూ అక్కడే వదిలేసి వచ్చాడు. ఆయనతో మాటంటే ఊరంతటికీ కేకే. నెల్లిమర్లలో రైలెక్కి దిగి తిన్నగా ఇక్కడికే వచ్చారు. ఎల్లాజీ మొహం చూస్తే ఎవరైనా పలకరించడానికి భయపడతారు.

"ఇందులో ఉన్నది మొన్న మీరు పట్టుకెళ్ళిన పెద్ద పంపే కదూ?"

"అదే. పనికిరానేదు. దీనికన్నా పెద్దది ఉంటే ఇచ్చీ."

"దీనికన్నా పెద్దదా? ఇది మూడోది అన్నయ్య గారూ!"

"మూడోదో ముప్పయ్యోదో. నా ట్రాక్టరు ముందర లోడరు లెగాలి. అంతే."

"లేవట్లేదా?"

"లెగుస్తాది."

"మరేంటి?"

"లెగుస్తాది, అంటే... ఉత్త బకెట్టు లెగుస్తాది. పెంటకుప్పలో గత్తం ఎత్తితే లెగదు. ట్రాక్టరు గుర్రుమంటాది, ఆయిలు కాగిపోతాది, ఆ వాల్వు కీసుమని ఏడుస్తాది. బకెట్టు మాత్రం మోకాలెత్తు వచ్చి ఆగిపోతాది, అలక పానుపు మీద పెళ్ళికొడుకులాగ. ఇక రమ్మన్నా రాదు."

"ఏటంటందిరా పాప?"

"మావా! బాగున్నారా అని అడుగుతంది!"

"బాగున్నానమ్మా, బాగున్నాను. ఇటు తిరిగి మాటాడు తల్లీ. బీరువాకి సెప్తే ఏటి లాభం."

"ఏటనుకోకమ్మా. పెద్దోడు కదా, మొహం సూసి మాటాడాలంటాడు. మర్యాదల మనిషి."

"అనుకోనులెండి. సరే, మొదటినుంచీ చెప్పండి. మొదట నేనిచ్చిన చిన్న పంపుతో ఎలా ఉండేది?"

"ఇలగే."

"రెండోదానితో?"

"ఇలగే. కాకపోతే ఉత్త బకెట్టు జోరుగా లెగిసీది."

"దీంతో?"

"దీంతో ఉత్త బకెట్టు గెంతుతాది. మా గేదె బెదిరి గూటం పీకేసింది. గత్తం ఎడితే మళ్ళీ మోకాలెత్తే."

"నేను రెండోసారే వద్దన్నానా లేదా?"

"అన్నావు."

"మూడోసారి మా మావయ్య గారి ముందు కూడా అన్నానా?"

"అన్నావమ్మా, అన్నావు. ఇప్పుడు తిడితే గత్తం లెగుస్తాదేటి?"

"తిట్టట్లేదు. వాడిన పంపు వెనక్కి తీసుకునే కొట్టు ఈ చుట్టుపక్కల మాదొక్కటే. అదీ మా మావయ్య గారి మొహమాటం వల్ల. పంపు పెద్దదైతే బలం వస్తుందని మీకెవరు చెప్పారు?"

"ఎవరో సెప్పాలేటి? నూతి మీద పెద్ద మోటారు ఎడితే నీరు ఎక్కువ పడదా?"

"ఎక్కువ పడుతుంది. మరి డాబా మీదకి ఎక్కుతుందా?"

"అదీ... ఆ మోటారు బట్టి ఉంటాది."

"ఇదీ అంతే. పంపు పెద్దదైతే ఆయిలు ఎక్కువ తోస్తుంది. ఎక్కువ ఆయిలుకి బకెట్టు గబగబా లేస్తుంది, అంతవరకే. ఎంత బరువు ఎత్తుతుందన్నది పంపు సైజు చేతిలో లేదు. అది ప్రెషరుది, సిలిండరు లావుది. మీరు మూడుసార్లు వచ్చి వేగం పట్టుకెళ్ళారు. మీకు కావలసింది బలం."

"అయితే బలం ఇచ్చీ!"

"బీరువాలో ఉండదు కదా తీసిచ్చెయ్యడానికి! ప్రెషరు ఎంత వస్తోంది? గేజి పెట్టి చూశారా?"

"సూసేను. నూట నలభై."

"మరి అంతకన్నా ఏం కావాలి? పంపు దాని పని అది చేస్తోంది. ప్రెషరు ఇంకా పెంచుదామని ఆ రిలీఫ్ వాల్వు మర ఏమైనా బిగించారా?"

"నేదు."

"అన్నయ్య గారూ."

"ఒక్క సుట్టు."

"ఒక్క చుట్టేనా?"

"రెండు. గొట్టం పేలిపోయి కాగిన ఆయిలు రేకుల మీదకి ఎగిసింది. మళ్ళీ విప్పీసినాను."

"దేవుడా! ఆ గొట్టం పక్కన మనిషి ఉంటే?"

"నేరులే. ఏటి సేస్తానమ్మా, ఒళ్ళు మండి బిగించీసినాను."

"ఒరే ఎల్లాజీ, ఆ మీసం కత్తిరించుకోరా. పై పెదవంతా కప్పీసింది."

"ఇప్పుడు మీసం ఊసు ఎందుకు మావా! పంపు ఊసు మాటాడుతున్నాం!"

"మాటాడండి, మాటాడండి. నానేటి వద్దన్నానా."

"సూసేవా? ఇదీ వరస. నెల్లాళ్ళై నా మీసం మీద పడ్డాడు. పనీ పాటూ నేక."

"పోనీ లెండి. సిలిండరు లోపలి లావు ఎంత?"

"రెండంగుళాలు. రెండున్నాయి, అటొకటి ఇటొకటి. తుక్కు కొట్టులో దొరికినయ్యే గానీ ఏటీ కారటం నేదు."

"రాడ్డు ఎంత బయటికొస్తుంది?"

"యాభై సెంటీమీటర్లు."

"అయితే రెండూ నిండడానికి రెండు లీటర్ల ఆయిలు. బకెట్టు ఆరు సెకన్లలో పైకొస్తే చాలా?"

"అరవై అయినా సాలు. లెగితే సాలు."

"ఆరు అనుకుందాం. అంటే నిమిషానికి ఇరవై లీటర్లు. ట్రాక్టరు వెనక షాఫ్టుకి గేరుపెట్టె కట్టి తిరుగుడు మూడింతలు చేశారు కదా... ఉండండి... పదమూడు సీసీ. పద్నాలుగు పెట్టుకుంటే బంగారంలా సరిపోతుంది."

"పద్నాలుగు సీసీ అంటే ఏటి?"

"పంపు ఒక్క చుట్టు తిరిగితే తోసే ఆయిలు. పద్నాలుగు సీసీది అంటే నేను మీకు మొదట ఇచ్చిన చిన్న పంపు."

"ఆ సిన్నదా! ఏదది?"

"ఆ పై అరలో ఉంది చూడండి. మీరు తిరిగిచ్చిన రోజునుంచీ అక్కడే ఉంది. ఇప్పుడు సంచిలో ఉన్నది ముప్పై మూడు. ఇది తోసే ఆయిలుకి మీ చిన్న టాంకు కాగక ఏమవుతుంది? మీ ట్రాక్టరు గుర్రుమనక ఏం చేస్తుంది?"

"అయితే ఇన్నాళ్ళూ... ఓరి నాయనో. నా తల తీసి మొల్లో ఎట్టుకోవాలి."

"అది తర్వాత. బరువు లెక్క చూద్దాం. నూట నలభై ప్రెషరుకి మీ రెండు సిలిండర్లూ కలిసి అయిదున్నర టన్నులు తోస్తాయి. కానీ అవి తోసేది చేతి మొదట్లో. బకెట్టున్నది చేతి చివర. ఆరో వంతు మిగిలినా బకెట్టు దగ్గర తొమ్మిది వందల కిలోలు లేవాలి."

"తొమ్మిది వందలా!"

"మీ గత్తం ఎంతుంటుంది, బకెట్టుడు?"

"మూడొందలు. తడిసినదైతే నాలుగొందలు."

"అదీ నా ప్రశ్న. మిగిలిన అయిదారు వందల కిలోలూ ఎవరు తింటున్నారు?"

"ఆయిలు పల్సబడిపోయిందేమో."

"గేజి నూట నలభై చూపిస్తోందన్నారు."

"గేజి అబద్ధమాడతందేమో."

"మూడు పంపులకీ ఒకే అబద్ధమా?"

"రైలు ఎన్నింటికమ్మా మాకు?"

"రైలు ఉంది లెండి. ఖాళీ బకెట్టు, లోడరు చేతులు, అన్నీ కలిపి ఎంత బరువుంటాయి?"

"సేతులా?"

"లోడరు చేతులు. మీవి కాదు."

"ఎవరు తూసేరు."

"ఉజ్జాయింపుగా చెప్పండి."

"ఉంటాది... కాస్త."

"కాస్త అంటే? ఇద్దరు మనుషులు ఎత్తగలరా?"

"ఇద్దరా? బకెట్టు ఒక్కదాన్ని ట్రాక్టరు ముందుకి దొర్లించడానికి వీధి వీధంతా వచ్చీసింది. గునపాలేసి జరిపేం."

"దేంతో చేశారండీ బాబూ?"

"మెల్లగా మాటాడమ్మా."

"ఆయనకి వినపడదన్నారు కదా."

"ఇనపడదు గానీ... ఎదురుగా ఉన్నాడు కదా, నాకే సిగ్గేస్తాది. సేతులు గడ్డర్లమ్మా."

"గడ్డర్లా? డాబాలకి వేసేవా?"

"డాబాలకి కాదు, గోడౌన్లకి. ఏదో పాత గోడౌను ఇప్పితే తుక్కు కొట్టుకి వచ్చేయి. బకెట్టు పన్నెండు ఎమ్మెమ్ ప్లేటు."

"పన్నెండా! గత్తానికి అయిదు చాలు కదా! మీరేమన్నా కొండ తవ్వుతారా?"

"నానేటి సేసేను? నాను సెయ్యలేదు."

"ఎవరు చేశారు?"

"ఎవరో సేసేరులే."

"అన్నయ్య గారూ, ఎవరు చేశారు?"

"ఇదిగో, ఈ స్టూలు మీద కూకున్నాడు కదా. ఆ మహానుభావుడు."

"తాతగారా?"

"అటు సూడకు, అటు సూడకు! మావా! నీ పనితనం మెచ్చుకుంటందీ పాప! సేతులు గట్టిగా ఉన్నాయట!"

"గట్టివేనమ్మా. గట్టితనానికేటి లోటు."

"సూడు, ఎంత సంబరమో మొహంలో."

"సంబరంలా లేదే నాకు."

"నీకు తెలీదమ్మా. ఇను. మిల్లులోంచి వచ్చీసాక రెండేళ్ళు గుంజలాగ అరుగు మీద కూకుండిపోయాడు. మాట నేదు, మంతి నేదు. అన్నం ఎడితే తిన్నాడు, నేకపోతే నేదు. మా తాయారు, అంటే ఈయన కూతురు, నా పెళ్ళాం, దానికి మెడ ఎముక అరిగిపోయింది. ఇజీనారంలో డాక్టరు పట్టీ ఏసి, ఇక ఈ జన్మకి నెత్తిన తట్ట ఎత్తితే సెయ్యి పడిపోతాదన్నాడు. ఆ మాట ఇని లెగిసాడమ్మా అరుగు మీంచి. నా కూతురు తట్ట ఎత్తకూడదు, నాను మిషను సేస్తానన్నాడు. తుక్కు కొట్టులన్నీ తిరిగి, ఏడాది పొడుగునా తనే కొలిసి, తనే కోసి, తనే వెల్డింగు సేసి... కొబ్బరికాయ కొట్టిన రోజున ఊరంతటికీ బెల్లం పంచేడు. వందేళ్ళుంటాదిరా అన్నాడు."

"ఉంటుంది. కదిలితే కదా అరగడానికి."

"నవ్వకమ్మా. నాకు ఏడుపొస్తంది."

"నవ్వట్లేదు. గత్తం ఎత్తినప్పుడు ట్రాక్టరు వెనక చక్రాలు ఎలా ఉంటున్నాయి?"

"బాగానే ఉంటన్నాయి."

"నేల మీదే ఉంటున్నాయా?"

"కాస్త లెగుస్తాయి."

"ఎంత?"

"కోడిపిల్ల దూరీ అంత."

"సీటు మీద ఎవరుంటారు?"

"నానే. ఇంకెవరుంటారు."

"అయితే వినండి. పెద్ద పంపు కాదు, పెద్ద సిలిండర్లు వేసినా సరే, ఇక బకెట్టు లేవదు, ట్రాక్టరు లేస్తుంది. మీరు ముందుకి బోర్లా పడతారు. బరువంతా ముందే ఉంది. ఆ గడ్డర్లకి పై రెక్క ఒకవైపు కోసెయ్యాలి. మధ్యలో బెజ్జాలు పెట్టి తేలిక చెయ్యాలి. బకెట్టుకి ఆ ప్లేటు తీసేసి అయిదు ఎమ్మెమ్‌ది వెయ్యాలి. సగానికి సగం దిగిపోతుంది. అప్పుడు ఆ చిన్న పంపే పువ్వులా ఎత్తుతుంది."

"కొయ్యాలా."

"కోయాలి."

"గ్యాసు కట్టరు ఎట్టి, అతని కళ్ళముందు, అతని సేతులు కొయ్యాలా."

"లోడరు చేతులు అన్నయ్య గారూ."

"రెండూ ఒకటేనమ్మా ఆయనకి! పొద్దున లెగిస్తే ముందు దాని కాడికే ఎల్తాడు. నూనె గుడ్డ ఎట్టి తుడుస్తాడు. ఊళ్ళో పిల్లగుంటలకి ఆట అయిపోయింది, సుద్దముక్కలతో దాని మీద గీతలు గీసెత్తన్నారు. సేతుల మీద, బకెట్టు మీద, బారుగా. ఈయన సూస్తే ఆళ్ళ తోలు తీస్తాడని నానే తుడిసీసినాను. తుడిస్తే మర్నాడు మళ్ళీ గీసీసినారు. మళ్ళీ తుడిసీసినాను. గీత పడితేనే ఊరుకోడేమో అని నాను భయపడతంటే నువ్వు కట్టరు అంటావు."

"మీ ఆవిడ చెప్పచ్చు కదా? ఆయన కూతురే కదా?"

"అదే తగువు ఇంటికాడ. మీ అయ్య, నువ్వు సెప్పు అంటాను నాను. నీ మావ, నువ్వు సెప్పు అంటాది అది. అన్నాలు తింటూ ఆయన ఎదురుగానే కొట్టుకుంటాం. సెవుడు కాబట్టి సరిపోయింది గానీ, నేకపోతే ఈపాటికి కొంప అంటుకునీది."

"ఇంతలో గత్తం ఎవరు ఎత్తుతున్నారు?"

"ఎవరూ ఎత్తలేదు. కొండంత కుప్ప అలగే ఉన్నాది. ఊళ్ళో ఆడోళ్ళు ఎవరి పనులకి ఆళ్ళు ఎల్లిపోతన్నారు. మబ్బులు పట్టీసినాయి. తొలకరి పడితే కుప్ప నానిపోతాది, పొలంలోకి ట్రాక్టరు దిగదు. ఇయ్యాల పొద్దున తాయారు మెడపట్టీ ఇప్పి మేకుకి తగిలించీసింది. మీ పంపులొద్దు, మీ లోడర్లొద్దు, సోమారం నుంచి తట్ట నేనే ఎత్తుకుంటానంది. అనడం కాదు, ఎత్తుతాది. దాని సంగతి నాకు తెలుసు. అందుకే ఇలగ లగెత్తుకొచ్చేను."

"వస్తూ ఈయన్నెందుకు తెచ్చారు?"

"నాను తేలేదు. బయల్దేరుతుంటే సొక్కా ఏసుకొని వచ్చి రైల్లో నా పక్కన కూకున్నాడు. ఏటి మావా అంటే, పంపు సూస్తానన్నాడు."

"మంచిదే అయింది. నేనే చెప్తాను. తాతగారూ..."

"వద్దమ్మా! నీకు దణ్ణం ఎడతాను! వద్దు!"

"ఎన్నాళ్ళు దాస్తారండీ? ఇది దాచేదా?"

"నీకేం, సెప్పీగలవు. మీ మావయ్యకి నువ్వు సెప్పగలవా, ఆ బయట బోర్డు మార్సమని? ఈ కొట్టులో కిరసనాయిలు ఇంజను ఒక్కటైనా ఉన్నాదా? బోర్డు మీద మాత్రం ఉన్నాది."

"బోర్డు ఊసు ఇప్పుడెందుకండీ?"

"సూసేవా. మావ అంటే అదీ."

"బోర్డు ఎవరి మెడా విరగ్గొట్టదు కదా అన్నయ్య గారూ."

"పోనీ ఒక పని సెయ్యి. కొత్త రూలు వచ్చిందని సెప్పు. ట్రాక్టరు ముందు ఇంతకన్నా బరువు ఉండకూడదంట, పోలీసోళ్ళు పట్టుకుంటన్నారంట అని. నువ్వు సెప్తే నమ్ముతాడు. నువ్వు సదువుకున్నదానివి."

"అబద్ధాలు నేను చెప్పను."

"పోనీ గడ్డర్ల ఇనుము మంచిది కాదంట అను. ఆయన పని బాగుంది, ఇనుమే ఎదవదంట అను."

"అదీ అబద్ధమే. ఆ ఇనుము మన తర్వాత కూడా ఉంటుంది."

"అయితే పెద్ద పంపు ఇచ్చీ! అదీ ఇయ్యవు, ఇదీ సెయ్యవు!"

"ఇవ్వను."

"వేరే కొట్టుకి ఎల్తాను."

"వెళ్ళండి. ఎవరో ఒకరు ఇస్తారు. బిగించండి, సీటెక్కండి. కోడిపిల్ల దూరే చోట గేదె దూరుతుంది. అప్పుడు ఆ తాయారు గారు తట్టతో పాటు మిమ్మల్ని కూడా ఎత్తుకోవాలి."

"ఏటి సెయ్యమంటావమ్మా నన్ను! నువ్వే సెప్పు, ఏటి సెయ్యమంటావు? మా నాన్న పోయినప్పుడు నాకు మీసాలు రానేదు. మా అమ్మనీ నన్నూ తెచ్చి ఇంట్లో ఎట్టుకున్నాడు ఈయన. సైకిలు మీద మిల్లుకి ఎల్తూ ఇస్కూలు కాడ దించీవోడు. కూతుర్నిచ్చేడు. ఒక్కనాడు నన్ను పరాయోడన్నట్టు సూడనేదు. ముసలితనంలో ఒక్క పని సేసేడు, మనసు ఎట్టి సేసేడు. అది పనికిరాదు మావా అని ఏ నోటితో అనాలి? అనకపోతే తాయారు మెడ. అంటే ఈయన మళ్ళీ అరుగెక్కీసి గుంజయిపోతాడు. ఇటు నుయ్యి, అటు గొయ్యి. పంపు అయితే నోరు నేనిది కదా, దాని మీద తోసీవచ్చని తిరుగుతన్నాను. అదీ సంగతి. ఇక తిట్టు."

"తిట్టను. మంచినీళ్ళు తాగండి."

"అమ్మా, పాపా."

"ఆఁ... తాతగారూ! మీకూ నీళ్ళు కావాలా!"

"నీళ్ళు వద్దు తల్లీ. ఆ పై అరలో సిన్న పంపు ఉన్నాది కదా, పద్నాలుగు సీసీది. అది కట్టియ్యి. ఈ పెద్దదాన్ని ఉంచీసుకో."

"పద్నాలుగు సీసీదా!"

"అయిదు ఎమ్మెమ్ ప్లేటు ఇక్కడ దొరుకుతాదా, ఇజీనారం ఎల్లాలా?"

"మావా! నీకు ఎవరు సెప్పేరు!"

"అరవకురా. అరిస్తే నీ నోరు అడ్డదిడ్డంగా పోతాది, సగం మాటలు తెలీవు. ఎవరు సెప్పేదేటి, ఇందాకట్నుంచి మీరే కదా సెప్తన్నారు."

"తాతగారూ... మీకు వినిపిస్తోందా?"

"ఒక్క ముక్క ఇనిపించదమ్మా. మగ్గాల షెడ్డులో పనిసేసినోడికి సెవులెక్కడివి? అక్కడ పక్కోడు సచ్చిపోతన్నానని అరిసినా ఇనపడదు. అందరం మూతులు సూసే మాటాడుకునీవోళ్ళం. షెడ్డు ఆ సివర్న మేస్త్రీ తిడితే ఈ సివర్న నవ్వుకునీవోళ్ళం. నీ మాట బాగుంటాదమ్మా, ఇడిసి ఇడిసి పలుకుతావు. బీరువా వైపు తిరిగినవే పోయాయి. ఈడితోనే సావొచ్చింది, ఆ మీసం ఒకటి."

"అయితే మావా... ఇంటికాడ... తాయారూ నానూ..."

"అన్నాల కాడా? అన్నీ సూసేను. నువ్వు సెప్పు అంటే నువ్వు సెప్పు. కూర అడుగుదామన్నా మీ ఇద్దరి మద్దిలో దూరడానికి సందు ఉండీది కాదు."

"ఇన్నేళ్ళై మరి సెప్పలేదే! ఊరంతా నీతో అరిసి అరిసి గొంతులు పోగొట్టుకుంటంటే!"

"సెవిటోడి ముందరే కదరా మనుషులు నిజం మాటాడీది. ఆ ఒక్కటీ ఎందుకు పోగొట్టుకోవాలి?"

"మావా, నాను... పనికిరాదన్న మాట... నువ్వు మనసులో ఎట్టుకోకు. నువ్వు బాధపడతావనే..."

"మొదటి పంపు కట్టి బకెట్టు ఆగిపోయినప్పుడే తెలిసింది నాకు. మూడు పదుల ఏళ్ళు ఇనుముతో కాపరం సేసినోణ్ణి, బరువు తెలీదేటి? గట్టిగా ఉండాలి, ఇరిగి నా కూతురు మీద పడకూడదు అన్న యావలో బరువు సంగతి మరిసిపోయాను. బెల్లం కూడా పంచీసినాను. ఇక ఏ మొహంతో ఒప్పుకోను? నాకూ సిగ్గుండదేటి."

"అలగనకు మావా."

"అననీ. నీ మీద నాకు కోపం మాత్రం ఉన్నాదిరా. నా పనితనం పెద్దదో, నా కూతురి మెడ పెద్దదో నన్ను అడిగేవా? నీ అంతట నువ్వే తేల్సీసినావు. మావకి ఇనుమే ముద్దు అనీసుకున్నావు. పెంచినోణ్ణి అంతేనా నువ్వు సూసింది?"

"తప్పయిపోయింది. కాళ్ళు పట్టుకుంటాను. ఇంటికెల్లగానే కట్టరు తెప్పిస్తాను. ఎక్కడ కొయ్యాలో, ఎంత కొయ్యాలో నువ్వే సెప్పు. నువ్వు సెప్పిన సోటే కోస్తాను."

"ఇంకా ఎలగ సెప్పనురా? నోటితో సెప్పలేకే కదా సుద్దముక్క అట్టుకున్నాను. నాను గియ్యడం, నువ్వు గుంటల పని అని గుడ్డ ఎట్టి తుడిసీడం!"